గుడ్డ కట్టిన చెయ్యి

మడతక్కకి ఆ పేరు ఊరికే రాలేదు. ఇస్త్రీ చేసే వేడి రోలర్లోంచి పొగలు కక్కుతూ బయటికొచ్చిన దుప్పటి అవతలి కొసన ఒకరు పట్టుకుంటే చాలు, ఇవతల ఈమె చేతులు రెండుసార్లు గాల్లో లేచేవి. మూడోసారి దిగేసరికి దుప్పటి బల్లమీద పలకలా కూర్చునేది. నాలుగు మూలలూ ఒక్క మూలైపోయేవి. ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే ఆ పెద్ద లాండ్రీలో ఇరవై నాలుగేళ్ళుగా ఆమె పని ఇదే. పొద్దున పూట తడి దుప్పటి మూలలు సాగదీసి రోలర్‌కి అందించడం, మధ్యాహ్నం నుంచి అవతలి పక్కకెళ్ళి మడవడం. "నా దుప్పటి మీద పడుకుంటే సగం రోగం అక్కడే పోవాలి. మిగతా సగం డాక్టర్లు చూసుకుంటారు, ఎంతైనా వాళ్ళూ జీతం తీసుకుంటున్నారు కదా" అనేది.

ఆమెకి ఇంకో గొప్ప కూడా ఉంది. లాండ్రీలో ఆడవాళ్ళ మరుగుదొడ్డికి తలుపు ఉందంటే అది ఆమె చలవే. ఆమె చేరిన కొత్తలో అక్కడ తలుపు బదులు చిరిగిన దుప్పటి వేలాడేది. గాలొస్తే ఎగిరేది. ఒకరోజు పదకొండు మంది ఆడవాళ్ళని వెంటేసుకుని గేటు బయట కూర్చుంది. అప్పటి మేనేజరు కళ్ళజోడు సవరించుకుంటూ వచ్చి, "మీ కోరికలేంటో కాగితం మీద రాసివ్వండి, పైకి పంపిస్తా" అన్నాడు.

"రాయడానికేముంది సార్, ఒక్కటే కదా. తలుపు. గడియ లోపలివైపు ఉండాలి."

సాయంత్రానికి వడ్రంగి వచ్చాడు. అడిగేది ఒక్కటైతే ఎగ్గొట్టేవాడికి దాక్కోవడానికి చోటుండదు, నూటొక్కటి అడిగితే వాటి వెనకే వాడు హాయిగా దాక్కుంటాడు. ఆ రోజు ఆమెకి తెలిసిన సంగతి అది.

అలాంటి మనిషికి కొడుకు ఎలాంటి కోడల్ని తెచ్చాడంటే, కార్మిక హక్కుల సంఘంలో పనిచేసే పిల్లని తెచ్చాడు. కొడుకు సిటీ బస్సు డ్రైవరు. బస్సు డ్రైవర్ల సమ్మెలో ఈ పిల్ల లారీ ఎక్కి మాట్లాడుతుంటే కింద నుంచుని విన్నవాడు, ఇప్పటికీ కింద నుంచునే వింటున్నాడు. ఆ పిల్ల గొంతుకి మైకు అక్కర్లేదు, అందుకే లోకమంతా ఆమెని మైకనే పిలుస్తుంది. కాపురానికొచ్చిన మూడో రోజున అత్తగారి పక్కన కూర్చుని, "అత్తయ్యా, ఆ మెషీన్ల మోతకి మీకు చెవుల్లో పెట్టుకోవడానికి ఏమైనా ఇస్తారా?" అని అడిగింది.

ఇరవయ్యేళ్ళలో ఆ మాట అడిగినవాళ్ళు లేరు. మడతక్క ఆ రోజు కోడలి కంచంలో అడక్కుండానే రెండోసారి వడ్డించింది.

మూడు నెలల్లో అందరి చెవులకీ రబ్బరు బిరడాలు వచ్చాయి. మందుల పెట్టె వచ్చింది. గేటు పక్కన కోడలు ఎర్రరంగు వేయించిన ఇంకో పెట్టె వచ్చింది, దాని మీద 'మీకు జరిగిన అన్యాయం రాసి ఇందులో వెయ్యండి' అని అచ్చు అక్షరాలు. మొదటి నెల మూడు చీటీలు పడ్డాయి. మూడూ నిఖార్సైనవి, మూడింటికీ పని జరిగింది. మడతక్క ఆ పెట్టె పక్కనుంచి వెళ్ళినప్పుడల్లా దాని మీద దుమ్ము కొంగుతో తుడిచేది.

ఏడాది తిరిగేసరికి పెట్టె మూత పడటం మానేసింది. మనిషికి అడగడం వచ్చాక ఆగడం రావాలంటే ఇంకో చదువు కావాలి కాబోలు. టీ చల్లగా వస్తోందని ఒకడు రాశాడు. వాడు గ్లాసు పక్కన పెట్టుకుని లోకం కబుర్లన్నీ చెప్పుకున్నాక తాగేవాడు. సూపర్‌వైజరు తనని చూసి నవ్వలేదని ఒకామె రాసింది. పక్క గదిలో ఫ్యాను తమ ఫ్యాను కంటే కొత్తదని నలుగురు కలిసి రాశారు. ఒకసారి నానబెట్టే తొట్టి దగ్గర కుళాయి కారుతుంటే తొమ్మిది రోజులు అందరూ దాన్ని దాటుకుంటూ తిరిగారు. మడతక్క వెళ్ళి దాని తల గట్టిగా తిప్పింది, కారడం ఆగిపోయింది.

"కుళాయి తిప్పడానికి కూడా చీటీ కావాలట్రా?" అంది అక్కడున్నవాడితో.

"రాసి వేశాం కదక్కా. తిప్పడం మా పని కాదు, రాయడం మా హక్కు."

ఆ మాటకి నవ్వాలో మొట్టాలో తెలియక రెండూ చేసింది.

రాత్రి భోజనాల దగ్గర ఈ సంగతి చెబితే కోడలు నవ్వలేదు. "వందేళ్ళు నోరు నొక్కుకున్నవాళ్ళు అత్తయ్యా. మొదట్లో కాస్త ఎక్కువే మాట్లాడతారు. మాట్లాడనివ్వండి" అంది. అందులోనూ నిజం లేకపోలేదని మడతక్క ఊరుకుంది.

*

ఇక అసలు సంగతి.

ఆ వేడి రోలర్ ముందు అడ్డంగా ఒక ఇనప పట్టీ ఉంటుంది. పొరపాటున చెయ్యి లోపలికి పోబోతే ముందు ఆ పట్టీకి తగులుతుంది, తగలగానే రోలర్ టక్కున ఆగిపోతుంది. ప్రాణదాత లాంటి పట్టీ. కానీ దాని స్ప్రింగు ఏనాడో సాగిపోయింది. చెయ్యే తగలక్కర్లేదు, దుప్పటి అంచు కాస్త మందంగా ఉన్నా చాలు, ఆగిపోయేది. ఆగితే రోలర్‌ని వెనక్కి తిప్పాలి, దుప్పటి బయటికి లాగాలి, మళ్ళీ మీట నొక్కాలి. గంటకి ఇరవైసార్లు. సూపర్‌వైజరుకి మూడుసార్లు చెప్పారు. మెకానిక్కు వచ్చి చూసి, "ముసలి మెషీను కదా, అలక ఎక్కువ" అని నవ్వి నూనె చుక్క వేసి పోయాడు.

చివరికి ఒకరోజు మడతక్కే చిరిగిన దుప్పటి అంచు ఒకటి చింపి, ఆ పట్టీ కదలకుండా పక్కనున్న కడ్డీకి కట్టేసింది. గోడమీద నల్లపలక ఉంటుంది, ఏ జోడీ ఎన్ని దుప్పట్లు తీసిందో రోజూ సాయంత్రం దాని మీద రాస్తారు. ఆ సాయంత్రం మడతక్క జోడీ అంకె అందరికంటే పైన ఉంది. అంతే. అప్పటినుంచి పొద్దున్నే రోలర్ వేడెక్కేలోపు గుడ్డ కట్టడం, సాయంత్రం విప్పి జాకెట్టులో దోపుకోవడం ఆమెకి జడ వేసుకున్నంత అలవాటైపోయింది. ఆమెని చూసి మిగతా రోలర్ల వాళ్ళూ కట్టుకున్నారు. సూపర్‌వైజరు చూసీ చూడనట్టు తలతిప్పుకునేవాడు. పలక మీద అంకెలు పెరుగుతుంటే ఎవరికి చేదు?

మడతక్కకి పదకొండేళ్ళుగా జోడీ గలగల. ఆమె నోరు ఆగితే రోలరే ఆగిందేమోనని జనం తిరిగి చూస్తారు. మొన్న మంగళవారం పొద్దున గలగల తన మరిది కొత్తగా కొన్న బండి మొదటిరోజే పోలీసు జీపుకి గుద్దిన కథ చెబుతోంది. మంచి పట్టులో ఉంది. మడతక్క వైపు తిరిగి, "అప్పుడా పోలీసాయన దిగి..." అంది. గలగల ఎడమ చెయ్యి దుప్పటితోపాటు లోపలికి వెళ్ళింది.

పట్టీ కదల్లేదు. కట్టేసి ఉంది కదా.

రోలర్‌ని ఆపే ఎర్ర మీట మీద మడతక్క పిడికిలితో కొట్టింది. రోలర్ ఆగి, వెనక్కి తిరిగి, చెయ్యి బయటికి వచ్చేసరికి రెండు వేళ్ళూ అరచెయ్యీ కమిలిపోయాయి. అరుపుల్లో, నీళ్ళల్లో, పరుగుల్లో గుడ్డ సంగతి ఎవరికీ గుర్తులేదు. అది అక్కడే వేలాడుతూ ఉండిపోయింది. సూపర్‌వైజరు దాన్ని కత్తిరించి కవర్లో పెట్టి మేనేజరు బల్లమీద పెట్టాడు.

గురువారం గలగల ఇంటికి ఉత్తరం వచ్చింది. భద్రత కోసం ఉన్న పట్టీని తానే కట్టేసి ప్రమాదం కొనితెచ్చుకున్నందువల్ల ఉద్యోగంలోంచి తీసేస్తున్నామని, చెప్పుకునేది ఏదైనా ఉంటే సోమవారం విచారణలో చెప్పుకోవచ్చని. ఆ ఇంట్లో ఠంచనుగా వచ్చే జీతం ఆమెదొక్కటే.

శుక్రవారం సాయంత్రం మడతక్క చూడటానికి వెళ్ళింది. గలగల చెయ్యి తెల్లటి కట్టులో బూరెలా ఉబ్బి దిండు మీద ఉంది. ఇంట్లో ఎవరూ దగ్గర్లో లేరని చూసుకుని గొంతు తగ్గించింది.

"అక్కా, నేను నోరు విప్పను. నువ్వు కట్టావని ఛస్తే చెప్పను. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నోరు మూసుకుంటున్నా, చూసుకో."

"నీ ఉద్యోగం పోతుంది కదే పిచ్చిదానా."

"చెప్తే ఇద్దరిదీ పోతుంది. ఒకటైనా మిగలనీ." గలగల కట్టు కట్టని చేత్తో ఆమె చెయ్యి పట్టుకుంది. "అయినా మీ మైకు వచ్చి వెళ్ళిందిలే. గుడ్డే లేదంటుందట. అంతా కంపెనీవాళ్ళు అల్లిన కథ అంటుందట. ఆ అమ్మాయి అంటే కాదనేవాడెవడు?"

మడతక్క లేచి వచ్చేసింది. దారిలో తెలిసిన మనిషి ఎదురొచ్చి పలకరిస్తే మూడు మాటల తర్వాత గానీ ఎవరో గుర్తుపట్టలేదు.

*

శనివారం మధ్యాహ్నం ఇంటి ముందు గదిలో కాలు పెట్టడానికి చోటు లేదు. కోడలు నేలమీద కూర్చుని రాస్తోంది, చుట్టూ లాండ్రీ జనం. మడతక్క వంటింట్లో టీ కాస్తోంది, కానీ రెండు చెవులూ గుమ్మంలోనే ఉన్నాయి.

"మొదటిది, గలగలక్కని మళ్ళీ పనిలోకి తీసుకోవాలి. గుడ్డ ఎవరూ కట్టలేదు, అది యాజమాన్యం సృష్టించిన సాక్ష్యం" అంది కోడలు.

"అంతే! దొంగ సాక్ష్యం!" అన్నారు ఇద్దరు. రోజూ తమ రోలర్‌కి గుడ్డ కట్టుకునేవాళ్ళే ఆ ఇద్దరూ. మడతక్క అది గమనించింది. వాళ్ళు అబద్ధం ఆడుతున్నట్టు కూడా లేదు, అన్న క్షణం నుంచి వాళ్ళకది నిజమైపోయింది. ఒకసారి 'మనకి అన్యాయం జరిగింది' అనుకున్నాక మన చేతులు ఎప్పుడూ శుభ్రంగానే కనిపిస్తాయి.

"టీ సంగతి రాయండి మేడం" అన్నాడు టీ మనిషి. అంటే టీ ఇచ్చేవాడు కాదు, టీ చల్లగా వచ్చిందని ఫిర్యాదు రాసినవాడు. అప్పటినుంచి వాడి పేరే టీ మనిషి.

"ఫ్యాను కూడా."

"సూపర్‌వైజరు నవ్వడం..."

"నవ్వు సంగతి నేను రాయను" అంది కోడలు. ఫ్యాను మాత్రం రాసింది. టీ కూడా రాసింది. చీకటి పడేసరికి ముప్ఫై ఒక్క డిమాండ్లయ్యాయి. వంటింట్లోకి వినిపిస్తున్న జాబితాలో మొదటిది ఎక్కడో అడుగున పడిపోయినట్టు అనిపించింది మడతక్కకి, బట్టల మూటలో చిన్నపిల్ల చొక్కాలా.

జనం వెళ్ళాక కోడలు గ్లాసులు తీసుకొచ్చి గిన్నెల తొట్టిలో పెడుతోంది. మడతక్క ఆమె వైపు చూడకుండా అంది:

"గుడ్డ కట్టింది నేనే అమ్మాయ్."

గ్లాసు ఒకటి జారి తొట్టిలో పడింది. పగల్లేదు.

"ఏ గుడ్డ?"

"ఏ గుడ్డంటే? నువ్వు లేదని రాసిన గుడ్డ."

కోడలు చేతులు తుడుచుకుంది. తుడుచుకున్న చేతులే మళ్ళీ తుడుచుకుంది. "ఎవరికైనా తెలుసా?"

"గలగలకి తెలుసు. రోలర్లకి తెలుసు. కట్టుకునే ప్రతివాళ్ళకీ తెలుసు."

"సరే. అయితే మీరు సోమవారం నోరు విప్పొద్దు."

"అదేంటి?"

"అత్తయ్యా, వినండి. వాళ్ళకి కావలసింది అదే. పనివాళ్ళది వెంట్రుకంత తప్పు దొరికితే చాలు, కొండంత తమ తప్పుని దానికి కట్టి అవతల పారేస్తారు. నేను ఎన్ని విచారణలు చూశాను! 'కార్మికురాలి నిర్లక్ష్యం' అని ఒక్క ముక్క రాస్తారు, ఫైలు మూసేస్తారు. మన తప్పు ఒప్పుకోవడం మంచితనం కాదు, వాళ్ళ చేతికి కత్తి ఇవ్వడం."

ఆ మాటల్లో బలం ఉంది. మడతక్క తేలిగ్గా తీసెయ్యలేకపోయింది. కాసేపు పొయ్యి గట్టు తుడిచింది.

"మరి గుడ్డ లేదంటావు. వాళ్ళు కవర్లోంచి తీసి చూపిస్తారు. అప్పుడు?"

"వాళ్ళే పెట్టారంటాం."

"అంటే వాళ్ళు అబద్ధాలకోర్లని నిరూపించడానికి మనం అబద్ధం ఆడతాం. తర్వాత మన ముప్ఫై ఒక్కటిలో నిజాలెన్నో వాళ్ళెలా లెక్కపెట్టుకోవాలి?"

"తలుపు కోసం కూర్చున్న మీరేనా ఇలా మాట్లాడేది?"

"తలుపు బదులున్న దుప్పటి చింపింది నేనైతే, ముందు ఆ మాట చెప్పే అడిగేదాన్ని."

కోడలికి కోపం వచ్చింది. కోపం వస్తే ఆ పిల్ల గొంతు తగ్గుతుంది, అదొక్కటే ఇంట్లోవాళ్ళకి తెలిసిన గుర్తు. "ఎందుకు కట్టారసలు?" అంది, గుసగుసలా.

"రోలర్ ఊరికే ఆగిపోతోందని."

"అంతేనా?"

అబద్ధం చెప్పడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆగి మడతక్క నిజమే చెప్పింది. "పలక మీద నా అంకె పైన ఉండాలని కూడా."

కోడలు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన కొడుకు మూసిన తలుపునీ, అమ్మ మొహాన్నీ చూశాడు. "నేను మళ్ళీ వెళ్ళి ఇంకో ట్రిప్పు వేసి రానా?" అన్నాడు.

*

సోమవారం విచారణ ఇస్త్రీ హాల్లోనే పెట్టారు. రోలర్లు ఆపేశారు. ఒక బల్ల, వెనక మేనేజరు. కొత్తగా వచ్చిన మనిషి, చొక్కా మడత చెదరకుండా కూర్చున్నాడు. పక్కన సూపర్‌వైజరు, మెకానిక్కు. బల్లమీద కవరు, కవర్లో గుడ్డ. ఎదురుగా జనం, ముందు వరసలో కట్టు చెయ్యితో గలగల, ఆమె పక్కన కాగితాలతో కోడలు. అత్తగారి వైపు ఒక్కసారి చూసి చూపు తిప్పుకుంది. ఆదివారమంతా ఇద్దరి మధ్యా ఉప్పు అందించుకున్న మాటలే.

మేనేజరు గుడ్డ తీసి పైకెత్తాడు. "ఇది నాలుగో నంబరు రోలర్‌కి కట్టి ఉంది. దీని గురించి ఏమైనా చెప్పేది ఉందా?" అని గలగలని అడిగాడు.

గలగల పెదాలు బిగించి కూర్చుంది. నోట్లో నీళ్ళు పోసుకున్న పిల్లలా ఉంది.

కోడలు లేవబోయింది. అంతలో వెనకనుంచి మడతక్క లేచింది.

"దాని గురించి ఆమెకేం తెలుసు సార్? అది కట్టింది నేను."

హాల్లో ఒక్కసారిగా అందరూ మాట్లాడారు. "మడతక్కకి మతి పోయింది" అన్నారొకరు. "అయిపోయింది, మన కొంప ముంచింది" అన్నాడు టీ మనిషి. లేవబోయిన కోడలు అలాగే కూర్చుండిపోయింది. మేనేజరు మాత్రం కుర్చీలో వెనక్కి వాలాడు, వెతక్కుండానే వస్తువు దొరికినవాడిలా.

"ఎన్నాళ్ళుగా కడుతున్నారు?"

"రెండేళ్ళ పైమాటే. రోజూ పొద్దున. నా జోడీ చెయ్యి కాలింది నా ముడి వల్ల. అది నాది."

"మంచిది. అయితే ఇద్దరినీ తీసెయ్యాలన్నమాట."

"నన్ను తీసెయ్యండి సార్, కాదనను. కానీ ఇది విచారణ కదా. ఆ గుడ్డ లేకుండా రోలర్ ఎలా నడుస్తుందో కూడా చూడండి. పది దుప్పట్లు చాలు. అవతలి కొస మీరు పట్టుకోండి."

"నేనా?"

"మా వాళ్ళెవరైనా పట్టుకుంటే కావాలని ఆపారంటారు కదా."

మేనేజరు సూపర్‌వైజరు వైపు చూశాడు. సూపర్‌వైజరు పైకప్పు వైపు చూశాడు. అప్పుడు కోడలు గొంతు లేచింది, హాలు నాలుగు గోడలకీ తగిలి వచ్చేంత పెద్దగా.

"విచారణ అంటే చూడటమే కదా సార్! చూడటానికి భయమెందుకు?"

మడతక్క అటు తిరగలేదు. తిరగకపోయినా వీపు మీద వెచ్చగా తగిలింది ఆ గొంతు.

రోలర్ వేడెక్కేదాకా అందరూ నుంచున్నారు. మేనేజరు చేతులు పైకి మడుచుకున్నాడు. మడతక్క దుప్పటి మూల ఎలా పట్టాలో చూపించింది. "బొటనవేలు పైన సార్, కింద కాదు. సాగదీయండి. అదీ." మొదటి దుప్పటి సగం వెళ్ళాక రోలర్ ఆగింది. వెనక్కి తిప్పారు, లాగారు, మీట నొక్కారు. మళ్ళీ ఆగింది. రెండో దుప్పటి తిన్నగా పోయింది. మూడోది రెండుసార్లు ఆగింది. ఐదో దుప్పటికి మేనేజరు చొక్కా వీపుకి అంటుకుపోయింది. జనం గుంపుగా దగ్గరికొచ్చారు. ఏడో దుప్పటి ఆగినప్పుడు ఆయన నోట్లోంచి విచారణలో రాయదగని మాటొకటి వచ్చింది. ఎనిమిదోది కూడా ఆగింది.

తొమ్మిదో దుప్పటి అంచు మందంగా ఉంది. పట్టీ దగ్గరికి రాగానే మేనేజరు కుడి మోచెయ్యి తనంతట తనే లేచి, గుడ్డ కట్టినట్టే, పట్టీని కదలకుండా పట్టి ఉంచింది. రోలర్ ఆగలేదు. దుప్పటి లోపలికి పోతోంది. ఆయన ఎడమ చెయ్యి దుప్పటితోపాటు ముందుకి పోతోంది.

"సార్, చెయ్యి!" అని మెకానిక్కు అరిచేలోపే మడతక్క పిడికిలి ఎర్ర మీట మీద పడింది.

రోలర్ ఆగింది. మేనేజరు తన మోచేతిని చూసుకున్నాడు, అది వేరే ఎవరిదో అయినట్టు. తర్వాత రోలర్‌కి జానెడు దూరంలో ఆగిన వేళ్ళని చూసుకున్నాడు.

"మీకు తొమ్మిదో దుప్పటికే మోచెయ్యి వెళ్ళింది సార్" అంది మడతక్క, మెల్లగా. ఆ మాటలో వెక్కిరింపు లేదు. "మేం రోజుకి ఆరువందలు తీస్తాం. స్ప్రింగు పోయిందని మూడుసార్లు చెప్పాం. మూడోసారి మెకానిక్కు బాబు నూనె చుక్క వేశాడు. అడగండి, ఇక్కడే ఉన్నాడు."

మెకానిక్కు తల దించుకుని, "చెప్పారు సార్" అన్నాడు.

"తప్పంతా మీదని నేను అనను. నాకు పలక మీద అంకె పిచ్చి ఉంది, అది నాది. నా వంతు నాకివ్వండి, నేను మోస్తా. మిగతాది ఎవరిదో వాళ్ళకివ్వండి. గలగలది మాత్రం ఇందులో ఏమీ లేదు. దానికున్న తప్పల్లా కథ బాగా చెప్పడమే."

అప్పటిదాకా బిగబట్టుకున్న గలగల భోరున ఏడ్చేసి, ఆ ఏడుపులోనే, "ఆ పోలీసు జీపు కథ కూడా పూర్తి కాలేదు సార్" అంది. జనంలో ఎవరో నవ్వారు. నవ్వు పాకింది. మేనేజరు కూడా జేబురుమాలు తీసి మొహం తుడుచుకుంటున్నట్టు నటించాడు.

కోడలు ముందుకొచ్చింది. చేతిలో ముప్ఫై ఒక్క డిమాండ్ల కాగితాలున్నాయి. వాటిని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. "సార్, మావి రెండే" అంది. "గలగలక్క ఉత్తరం వెనక్కి తీసుకోండి. స్ప్రింగు మార్చేదాకా ఈ రోలర్లు ఆపండి. అంతే."

"టీ..." అని వెనకనుంచి ఒక గొంతు లేవబోయి, పక్కవాళ్ళ మోచేయి తగిలి ఆగిపోయింది.

ఆ తర్వాత వాదనలు లేకుండా పోలేదు. మేనేజరు లోపలికెళ్ళి ఫోన్లో గంటసేపు పైవాళ్ళతో మాట్లాడాడు. గుడ్డ లేదని కేకలేసినవాళ్ళలో ఒకామె ఈలోగా మడతక్క దగ్గరికొచ్చి, "మా రోలర్‌కి కట్టేది నేనే అక్కా" అని, జాకెట్టులోంచి గుడ్డపేలిక తీసి బల్లమీద పెట్టి వెళ్ళింది. కాసేపటికి మేనేజరు బయటికొచ్చేసరికి బల్లమీద ఆరు పేలికలున్నాయి. ఆయన వాటిని లెక్కపెట్టాడు, లాండ్రీలో రోలర్లు ఆరే.

గలగల ఉత్తరం వెనక్కి వెళ్ళింది. చెయ్యి మానాక స్టోర్లో దుప్పట్లు అప్పగించే పని ఇస్తామన్నారు. రెండు వేళ్ళు ఇక ఎప్పటికీ పూర్తిగా వంగవని డాక్టరు చెప్పాడు, దాన్ని ఏ విచారణా వెనక్కి తేలేదు. స్ప్రింగులు మార్చేదాకా రోలర్లకి సెలవు. సూపర్‌వైజరుకి హెచ్చరిక కాగితం. మడతక్కకి మూడు నెలలు మురికి గదిలో పని. ఆసుపత్రుల నుంచి వచ్చిన మూటలు విప్పి, నెత్తురూ చీమూ ఉన్నవి వేరుచేసే గది అది. లాండ్రీలో కొత్తగా చేరినవాళ్ళకి ఇచ్చే పని. ఆమె సంతకం పెట్టేటప్పుడు కోడలు ఏదో అనబోతే, "ఊరుకో. అది నా వంతు, అడిగి తీసుకున్నా" అంది.

*

మర్నాడు పొద్దున మడతక్క పొడుగు రబ్బరు చేతొడుగులు తొడుక్కుని మురికి గదిలోకి వెళ్ళింది. తల మాత్రం ఇస్త్రీ హాల్లో నడిచినప్పటిలాగే ఎత్తి ఉంది. అక్కడ కొత్తగా చేరిన ఒక పిల్ల మూటలు విప్పుతోంది. గది కిటికీ గేటు వైపు ఉంటుంది. బయట ఎర్ర పెట్టె దగ్గర టీ మనిషీ ఇంకో ముగ్గురూ కోడల్ని చుట్టుముట్టారు.

"ముప్ఫై ఒక్కటి రాయించుకుని రెండే అడిగితే ఎలా మేడం? మిగతా ఇరవై తొమ్మిదీ మా హక్కులు కాదా?" అంటున్నాడు టీ మనిషి. "మీ అత్త తప్పు చేసింది, మా టీ మట్టికొట్టుకుపోయింది."

"మీ అత్త ఒప్పుకోకపోతే అన్నీ సాధించేవాళ్ళం" అన్నాడు ఇంకొకడు.

మురికి గదిలో మడతక్క చేతిలోని దుప్పటి కిందపెట్టి కిటికీకి దగ్గరగా జరిగింది. కోడలు ఏమంటుందో ఆమెకి నిజంగా తెలియదు. నిన్నటినుంచి ఇద్దరూ ఆ మాట ఎత్తుకోలేదు.

కోడలు గొంతు తగ్గలేదు. అంటే కోపం లేదన్నమాట.

"మా అత్తయ్య తప్పు మా అత్తయ్య చెప్పుకుంది. అందుకే వాళ్ళ తప్పు వాళ్ళు చెప్పక తప్పలేదు. నేను ఇన్నేళ్ళు కేకలేసి తెప్పించలేని మాట అది" అంది. పెట్టె మూత తీసి లోపలికి చూసి మళ్ళీ మూసింది. "మిగతా ఇరవై తొమ్మిదీ నేను పారెయ్యలేదు. ఒక్కోటీ చూస్తా. కానీ ఇకనుంచి చీటీ వేసేవాళ్ళు రెండు సంగతులు రాయాలి. మీకు జరిగిందేంటి, అందులో మీరు చేసిందేంటి. రెండోది ఖాళీగా ఉన్నా పరవాలేదు, చాలాసార్లు ఖాళీగానే ఉంటుంది, ఉండాలి కూడా. కానీ ఆలోచించే ఖాళీ వదలాలి. టీ ఎందుకు చల్లారిందో రాసి తీసుకురా, అన్నా. ముందు నీదే చదువుతా."

టీ మనిషి కలం కోసం జేబు తడుముకున్నాడు. మిగతావాళ్ళు వాణ్ణి చూసి నవ్వుకుంటూ లోపలికి నడిచారు. కోడలు సంచి భుజానికేసుకుని గేటు దాటింది. కిటికీలో అత్తగారున్న సంగతి ఆమెకి తెలియదు.

మడతక్క వెనక్కి తిరిగింది. గదిలో ఘాటైన మందు వాసన, మూలన నిలువెత్తు మూటలు.

"చూశావా, ఆ పిల్ల నా కోడలు" అంది.

"తెలుసు పెద్దమ్మా" అంది కొత్త పిల్ల. "పొద్దుటినుంచి ఇది నాలుగోసారి చెప్పడం."

"అయిదోసారి కూడా వింటావు. ముందు ఆ మూట అవతలి చెవి పట్టుకో, బరువుంది."